చిన్న ఫ్లాష్‌కి 60 సెంటీమీటర్ల మడత సాఫ్ట్‌బాక్స్ (వెలుగును పరిచి మెత్తబరిచే గుడ్డ పెట్టె) తగిలిస్తే పోర్ట్రెయిట్‌లో వెలుగు మెత్తగా వస్తుందా?

వస్తుంది, కానీ బాక్స్ ముఖానికి బాగా దగ్గరగా ఉండాలి. ముఖం దగ్గర నుంచి చూస్తే వెలుగు ఎంత పెద్దదిగా కనిపిస్తే నీడల అంచులు అంత మెత్తబడతాయి. ఫ్రేమ్‌లో పడనంత వరకూ రెండు మూడు అడుగుల్లోకి జరపండి. అదే బాక్స్ మూడు మీటర్ల దూరంలో ఉంటే దాదాపు ఉత్త ఫ్లాష్‌లాగే కొడుతుంది. పైగా దూరం సగమైతే వెలుగు నాలుగు రెట్లు, అంటే 2 స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) పెరుగుతుంది. చిన్న ఫ్లాష్‌కి ఇది చాలా పెద్ద సాయం.

ఫ్లాష్ జూమ్ (వెలుగు ఎంత వెడల్పుగా పడాలో మార్చే సెట్టింగ్) 24 మి.మీ. దగ్గర పెట్టండి, బాక్స్ లోపలి తెర తీసేయొద్దు. లేకపోతే వెలుగంతా మధ్యలోనే పడుతుంది. బాక్స్ కళ్ళకంటే కాస్త ఎత్తులో, 45 డిగ్రీలు పక్కకి.

మిట్టమధ్యాహ్నపు ఎండతో ఒక్క ఫ్లాష్ పోటీపడటం కష్టం, చెట్టు నీడకి వెళ్ళండి. ఆరుబయట స్టాండుకి ఇసుక సంచి తప్పనిసరి.