మద్యం ముట్టని పెద్దవాళ్లతో హార్డాంగర్ సైడర్ యాత్రకు వెళ్లవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: సెప్టెంబరులో అమ్మానాన్నలతో నార్వేలోని బెర్గెన్‌లో మూడు రోజులు ఉంటారు. అందులో ఒక రోజు హార్డాంగర్ ఫియోర్డ్‌లో పడవ ప్రయాణం, అక్కడి ఆపిల్ సైడర్ (ఆపిల్ రసాన్ని పులియబెట్టి చేసే మద్యం) రుచి చూడటం కలిపి ఉన్న గైడెడ్ యాత్రకు వెళ్లాలనుకుంటున్నారు. మీ దంపతులిద్దరు తప్ప ఇంట్లో ఎవరూ మద్యం ముట్టరు కాబట్టి డబ్బు దండగ అవుతుందేమోనని మీ సందేహం.

వెళ్లండి. పెద్దవాళ్లను తప్పకుండా తీసుకెళ్లండి. కాకపోతే ఏ యాత్రను ఎంచుకుంటారన్న దాని మీదే రోజంతా ఆధారపడి ఉంటుంది.

నేను నాలుగేళ్లుగా నార్వేలోనే స్టావంగర్ అనే నగరంలో ఉంటున్నాను. ఈ యాత్రకు రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి జూలైలో, స్నేహితులతో. ఒక్క రోజులో ఐదు చోట్లు చూపిస్తామంటే సంతోషంగా డబ్బు కట్టేశాం. బస్సు దిగడం, ఫొటో తీసుకోవడం, మళ్లీ ఎక్కడం. సైడర్ తోటకు చేరేసరికి అప్పటికే ఆలస్యమైంది. ఓ షెడ్డులో నిలబెట్టి మూడు చిన్న గ్లాసులు చేతికిచ్చారు. వాటి మధ్య తేడా ఏమిటో అడిగేలోపే గైడు గడియారం చూడటం మొదలుపెట్టాడు. తోట పది అడుగుల దూరంలోనే ఉంది, అందులోకి అడుగు పెట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు నాకు చాలా బాధేసింది.

రెండోసారి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, సెప్టెంబరు చివరి వారంలో వెళ్లాం. ఈసారి వెతికి వెతికి తక్కువ చోట్లు ఉన్న యాత్రను పట్టుకున్నాను: ఒక జలపాతం, పడవ ప్రయాణం, ఒకే ఒక్క తోట. ఆ తోటలో మాత్రం రెండున్నర గంటలు.

బెర్గెన్ నుంచి నూర్‌హైమ్‌సున్ అనే ఊరికి బస్సులో సుమారు గంటన్నర. ఆ ఊరి పక్కనే స్టైన్స్‌డాల్స్‌ఫోసెన్ జలపాతం. దాదాపు 50 మీటర్ల ఎత్తు. నార్వేలో ఇంతకన్నా పెద్దవి చాలా ఉన్నాయి కానీ ఇక్కడ నీటి ధార వెనక్కి నడిచి వెళ్లవచ్చు. కంచె కట్టిన బాట ఉంది, పెద్దవాళ్లు మెల్లగా ఎక్కగలరు. తడి రాళ్ల మీద జారకుండా మంచి బూట్లు వేయించండి. మా అమ్మ చీర మీద ఉన్ని కోటు, దాని మీద వాన కోటు వేసుకుని ఆ నీటి తెర వెనక నిలబడి చాలాసేపు కదల్లేదు.

ఇక ఫియోర్డ్. హిమనదాలు వేల ఏళ్లపాటు లోయను లోతుగా చెక్కేశాక, ఆ లోయలోకి సముద్రం చొచ్చుకు వస్తే ఏర్పడేదే ఫియోర్డ్. హార్డాంగర్ పొడవు 179 కిలోమీటర్లు. నార్వేలో సోగ్నె ఫియోర్డ్ తర్వాత ఇదే పొడవైనది. లోతు కొన్నిచోట్ల 800 మీటర్లు దాటుతుంది. చూడటానికి నిండు చెరువులా నిశ్చలంగా కనిపించే నీళ్ల కింద అంత లోతు ఉందని చెబితే నాన్నగారు నమ్మలేదు. గైడు తెచ్చిన పటం మీద అంకెలు చూశాకే ఒప్పుకున్నారు.

పడవలో పైఅంతస్తు బాగుంటుంది, కానీ గాలి కోత పెడుతుంది. పెద్దవాళ్లను లోపల కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పది నిమిషాలకోసారి బయటికి తీసుకురండి. పడవ సోర్‌ఫియోర్డ్ అనే పాయలోకి మలుపు తిరగ్గానే కొండల రూపం మారుతుంది. పైన మంచు, కింద నీళ్లు, ఆ రెంటికీ మధ్య ఏటవాలు మీద వరుసలు వరుసలుగా పండ్ల తోటలు. ఎదుటి గట్టు మీద ఫోల్గెఫొన్నా హిమానీనదం అంచు తెల్లగా మెరుస్తూ ఉంటుంది.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఈ ప్రాంతం 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంత ఉత్తరాన పండ్ల తోటలేమిటని అనిపిస్తుంది. సముద్రపు వెచ్చని ప్రవాహం వల్ల ఫియోర్డ్ నీళ్లు చలికాలంలోనూ అంత తొందరగా చల్లబడవు. ఆ వెచ్చదనం గట్ల మీది నేలను కాపాడుతుంది. ఏటవాలు నేల కాబట్టి చల్లగాలి నిలవకుండా కిందికి జారిపోతుంది. పడమటి కొండలు సముద్రం నుంచి వచ్చే వానను చాలావరకు అడ్డుకుంటాయి. జూన్‌లో పగలు దాదాపు 19 గంటలు. రాత్రులు మాత్రం చల్లన. అందుకే ఇక్కడి ఆపిల్ మెల్లగా పండుతుంది, పులుపు పోగొట్టుకోకుండా వాసన కూడగట్టుకుంటుంది. సైడర్‌కు కావలసింది సరిగ్గా అదే. ఈ సంగతి గైడు పడవలోనే చెప్పింది. చేతిలో గ్లాసు పట్టుకునేముందు తెలియాల్సిన విషయం ఇది.

మేము దిగింది లోఫ్ట్‌హూస్ అనే ఊళ్లో. 13వ శతాబ్దంలో బెర్గెన్ దగ్గరి లూసె మఠం సన్యాసులు ఇక్కడ పండ్ల చెట్లు పెంచడం మొదలుపెట్టారని ఊళ్లో చెప్పుకుంటారు. వాళ్లు కొండ మీదికి వేసిన 616 రాతి మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. మెట్ల జోలికి మేము వెళ్లలేదు, మీరూ వెళ్లవద్దు, మోకాళ్లు చెప్పిన మాట వినవు.

మా నాన్నగారు నూజివీడు దగ్గర మామిడి రైతు. బంగినపల్లి, చిన్న రసాలు. ఆయన జీవితంలో కల్లు కూడా ముట్టలేదు. తోటలోకి అడుగు పెట్టగానే ఆయన సైడర్ సంగతి, ఫియోర్డ్ సంగతి మరిచిపోయారు. చెట్లన్నీ పొట్టివి, చేతికందే ఎత్తు, తీగలకు ఆనించి పెంచినవి. నేరుగా ఓ చెట్టు మొదలు దగ్గర వంగి, జానెడు ఎత్తున ఉన్న బొడిపెను వేలితో తడిమి, "అడుగు, ఇది అంటు మొక్కేనా అని" అన్నారు. నేను అడిగాను. తోట యజమాని, అరవై దాటిన మనిషి, ఆయన పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. అవును, అంటు మొక్కే. వేరు మొక్క పొట్టి రకం, పైన కట్టింది గ్రావెన్‌స్టైన్ అనే ఆపిల్ రకం. పొట్టి వేరు మీద కడితే చెట్టు ఎత్తు పెరగదు, కాపు తొందరగా వస్తుంది, నిచ్చెన లేకుండా కోయవచ్చు అని వివరించాడు. నాన్నగారు తల ఊపుతూ, మా ఊళ్లో చిక్కం కట్టిన గడలతో కాయ కోయడం ఎంత కష్టమో చెప్పించారు.

తర్వాత యజమాని ఒక కాయను కోశాడు. లాగలేదు, అరచేతిలో పట్టి పైకెత్తి కాస్త తిప్పాడు, తొడిమతో సహా ఊడి వచ్చింది. "మామిడికాయా అంతే, తొడిమ ఉంచకపోతే సొన కారి కాయ మచ్చబడుతుంది" అని నాన్నగారు. నేను మధ్యలో అనువదిస్తూనే ఉన్నాను, సొన అనే మాట దగ్గర చాలా ఇబ్బంది పడ్డాను. యజమాని కాయను అడ్డంగా రెండు ముక్కలు చేసి, కోసిన ముఖం మీద అయోడిన్ ద్రావణం చల్లాడు. ఒక నిమిషంలో అంచుల చుట్టూ నల్లటి నీలం అలుముకుంది, గింజల చుట్టూ మాత్రం తెల్లగా ఉండిపోయింది. నల్లబడినచోట ఇంకా పిండి పదార్థం ఉంది, తెల్లగా ఉన్నచోట అది చక్కెరగా మారింది. తెలుపు మధ్యలో మొదలై అంచుల వైపు పాకుతుంది. ఎంతవరకు పాకిందో చూసి కోత రోజు నిర్ణయిస్తారు. నాన్నగారు ఆ ముక్కను చాలాసేపు చేతిలో పట్టుకుని చూశారు. మామిడికైతే తొడిమ దగ్గర గుంట పడి భుజాలు పైకి లేచాయా అని చూస్తాం, ఇంత వివరంగా ఎప్పుడూ చూడలేదన్నారు. ఆ అరగంట కోసమే మళ్లీ వెళ్లమన్నా వెళ్తాను.

సైడర్ తయారీ గురించి క్లుప్తంగా. ఆపిల్స్‌ను కడిగి, తురిమి, పిండుతారు. మిగిలిన పిప్పి పశువులకో ఎరువుకో పోతుంది. రసాన్ని చల్లని చోట వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి పులియనిస్తారు. చల్లదనం వల్ల పులియడం నెమ్మదిగా సాగి వాసన నిలుస్తుంది. కొందరు సీసాలోనే రెండోసారి పులియనిచ్చి బుడగలు తెప్పిస్తారు, షాంపేన్ పద్ధతిలోనే. అలాంటి సీసాల్లో అడుగున కాస్త మడ్డి ఉంటే భయపడకండి, అది ఈస్ట్. ఇంగ్లండ్, ఫ్రాన్స్ సైడర్లలో వగరు ఎక్కువ, ఎందుకంటే అక్కడ సైడర్ కోసమే పెంచే వగరు ఆపిల్ రకాలుంటాయి. హార్డాంగర్‌లో ఎక్కువగా తినే ఆపిల్స్‌తోనే చేస్తారు కాబట్టి పులుపు ముందుంటుంది, వగరు తక్కువ. "సీదర్ ఫ్రా హార్డాంగర్" అన్న పేరుకు 2009 నుంచి చట్టబద్ధమైన రక్షణ ఉంది. ఆ పేరు పెట్టాలంటే హార్డాంగర్ ఆపిల్స్‌తోనే చేయాలి.

రుచి చూసేటప్పుడు తీపి తక్కువ దాంతో మొదలుపెట్టండి. తీపిది ముందు తాగితే ఆ తర్వాతిది నీళ్లలా అనిపిస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది అసలు తీపి లేనిది. మొదట పచ్చి ఆపిల్ తొక్క వాసన, మింగాక నాలుక పక్కల్లో మిగిలే పులుపు. మేకపాలతో చేసిన గోధుమరంగు చీజ్ పక్కన పెట్టారు. అది తియ్యగా, కాస్త పాలకోవాను గుర్తుచేసేలా ఉంటుంది, సైడర్ పులుపుతో బాగా కుదిరింది.

అమ్మానాన్నల విషయం. వాళ్లకు ఆపిల్ రసం ఇచ్చారు. డబ్బాలో దొరికే రసం అనుకోకండి. రకానికో సీసా: గ్రావెన్‌స్టైన్ పుల్లగా, అరోమా తియ్యగా, డిస్కవరీ లేత గులాబీ రంగులో. అమ్మ మూడూ వరుసగా తాగి గ్రావెన్‌స్టైన్‌నే మళ్లీ అడిగింది. నిజానికి మాకన్నా ఆవిడే శ్రద్ధగా రుచి చూసింది. బుక్ చేసేటప్పుడే ఎంతమంది మద్యం తాగరో రాయండి, ముందుగా చెబితే వాళ్లకూ పూర్తి వరుస పెడతారు. శాకాహారులు ఎవరైనా ఉంటే అదీ రాయండి. మాకు మధ్యాహ్నం సూప్, రొట్టె, ఆపిల్ కేకు దొరికాయి. అయినా అమ్మ సంచిలో పులిహోర ఉంది, పడవలో తిన్నాం.

సొంతంగా కారు అద్దెకు తీసుకుని వెళ్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. నార్వేలో నడిపేవారి రక్తంలో అనుమతించే మద్యం పరిమితి 0.02 శాతం. మన దేశంలోని 0.03 కన్నా తక్కువ. రెండు గ్లాసుల సైడర్ చాలు దాన్ని దాటడానికి. పైగా ఆ దారుల్లో సొరంగాలు, ఇరుకు మలుపులు. గైడెడ్ యాత్రకు పెట్టే డబ్బులో సగం విలువ ఇక్కడే ఉంది: మీరిద్దరూ నిశ్చింతగా రుచి చూడవచ్చు.

సీసాలు కొనాలనుకుంటే తోటలోనే కొనండి. నార్వేలో 4.7 శాతం దాటిన మద్యం మామూలు కిరాణా దుకాణాల్లో దొరకదు, ప్రభుత్వ దుకాణమైన వీన్‌మోనోపోల్‌కే వెళ్లాలి, అది ఆదివారం మూసి ఉంటుంది. 2016లో చట్టం మారాక తోటల్లో నేరుగా అమ్మే వీలు వచ్చింది. చిన్న రైతులు నిలదొక్కుకోవడానికి ఆ మార్పు ఎంతో సాయపడిందని మా యజమాని చెప్పాడు. దేశానికి తీసుకెళ్లేటప్పుడు ఒక్కొక్కరికి 2 లీటర్ల వరకు పన్ను లేకుండా అనుమతి ఉంది. బట్టల మధ్య చుట్టి పెద్ద పెట్టెలో పెట్టండి, బుడగలున్న సీసా అయితే ఇంకో పొర చుట్టండి.

సమయం విషయంలో మీరు అదృష్టవంతులు. మే నెల రెండు, మూడు వారాల్లో పూత చూడటానికి జనం ఎక్కువగా వస్తారు, అదీ అందమే. కానీ సెప్టెంబరు, అక్టోబరు కోత కాలం. చెట్ల మీద కాయ ఉంటుంది, పిండే యంత్రం నడుస్తూ ఉంటుంది, షెడ్డు నిండా ఆపిల్ వాసన. బెర్గెన్‌లో వాన పడుతుందని యాత్ర రద్దు చేసుకోకండి. మేము బయలుదేరినప్పుడు కుండపోత, లోఫ్ట్‌హూస్‌లో ఎండ కాసింది.

బుక్ చేసేముందు నిర్వాహకులను రెండే ప్రశ్నలు అడగండి. తోటలో ఎంతసేపు ఉంచుతారు? తోట చూపించేది పండించే రైతేనా, లేక గైడేనా? మొదటిదానికి గంటన్నర కన్నా తక్కువ చెప్పినా, రెండోదానికి రైతు కాదన్నా ఇంకొకటి వెతకండి. మీ నాన్నగారిది కూడా వ్యవసాయమైతే, వెళ్లేముందు ఆయన పంట ఫొటోలు కొన్ని ఫోనులో పెట్టుకోండి. మా దగ్గర అవి లేక, చిన్న రసం ఎంత ఉంటుందో నాన్నగారు రెండు చేతులతో చూపించాల్సి వచ్చింది.