మీ అమ్మ నీళ్ళు తాగుతోందో లేదో చూడు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి చిన్నాకి బాబాయి ఆశీస్సులు.

వదిన మోకాలి ఆపరేషన్ బాగానే జరిగిందని, శుక్రవారం ఇంటికి పంపిస్తారని మీ పిన్ని చెప్పింది. ఫోన్లో మాట్లాడదామంటే నువ్వు పరుగుల మీదుంటావు, నేనేమో సగం మర్చిపోతాను. అందుకే రాస్తున్నా. మీ పిన్నికి ఏడాది తేడాతో రెండు మోకాళ్ళూ మార్చినప్పుడు ఇంట్లో చూసుకున్నది నేనే కదా. మొదటి కాలికి చేసిన తప్పులు రెండో కాలికి దిద్దుకున్నాను. నువ్వు నేరుగా రెండో కాలి దగ్గర మొదలుపెట్టు.

ముందు ఒక టేపు తీసుకుని బాత్రూమ్ తలుపు వెడల్పు కొలువు. మా తలుపులో వాకర్ పట్టలేదు. ఆ సంగతి ఇంటికొచ్చిన రోజు రాత్రి తొమ్మిదింటికి తెలిసింది. ఇక మీ పిన్ని గుమ్మంలో నిలబడి ఏడుపొకటే తక్కువ. లోపల గోడకి గట్టి హ్యాండిల్ బిగించు. టవల్ తగిలించే రాడ్డుని నమ్ముకుంటే మనిషితో పాటు అదీ ఊడొస్తుంది. గుమ్మాల దగ్గర పట్టాలు, హాల్లో కూలర్ వైరు తీసెయ్. పనమ్మాయి తడిబట్ట పెట్టాక నేల ఆరేదాకా వదిన మంచం దిగకూడదు. సోఫాలో కూర్చోనివ్వకు, అందులోంచి లేవలేదు. చేతులున్న ఎత్తు కుర్చీ చాలు.

సత్యనారాయణపురంలో మీది పై పోర్షన్ కాబట్టి మెట్ల సంగతి నువ్వూ కంఠతా పట్టు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఎక్కుతుంటే నువ్వు ఒక మెట్టు కింద వెనకాల ఉండు, దిగుతుంటే ముందుండు. చెయ్యి పట్టుకుని పైకి లాగకు.

ఇప్పుడు దిండు సంగతి. మీ పిన్ని నొప్పని మూలుగుతుంటే చూడలేక మోకాలి కింద మెత్తటి దిండు పెట్టాను. హాయిగా ఉందంది. నేనూ సంతోషించాను. నాలుగో రోజు ఫిజియో అబ్బాయి వచ్చి, ఆ దిండు లాగి పక్కన పడేసి, కాలు ఇలా వంచి అలవాటు చేస్తే ఇక నిటారుగా చాచలేరండీ అన్నాడు. తువ్వాలు చుట్ట చుట్టి మడమ కింద పెట్టాడు. మోకాలి కింద ఏమీ లేకపోతే ఆ బరువుకి కాలు దానంతటదే చాచుకుంటుంది. నొప్పిగానే ఉంటుంది. తీసెయ్యరా అని మీ అమ్మ బతిమాలుతుంది. ఫిజియో ఎన్ని నిమిషాలు చెప్తే అన్ని నిమిషాలూ గడియారం వైపు చూడు, అమ్మ మొహం వైపు చూడకు.

డాక్టరు రాసిన నొప్పి మాత్ర వ్యాయామానికి అరగంట ముందే వెయ్యి. నొప్పొస్తే వేసుకుంటాలే అంటుంది. ఆ నొప్పొచ్చేసరికి ఫిజియో గుమ్మంలో ఉంటాడు. ఐసు 15, 20 నిమిషాలు, గుడ్డలో చుట్టి మాత్రమే.

అన్నిటికంటే నాకు ఆలస్యంగా తెలిసింది వేరే ఉంది. మీ పిన్నికి మలబద్ధకం పట్టుకుంది, లేస్తే కళ్ళు తిరుగుతున్నాయంది. నొప్పి మందుల వల్ల అనుకున్నాం. కొంత నిజమే, అవి అలా చేస్తాయి. కానీ ఒకరోజు పొద్దున నింపిపెట్టిన చెంబు సాయంత్రం చూస్తే నిండుగానే ఉంది. నిలదీస్తే చెప్పింది, రాత్రిపూట బాత్రూమ్‌కి నన్ను లేపాల్సొస్తుందని మధ్యాహ్నం నుంచే నీళ్ళు మానేసిందట. నలభై ఏళ్ళు కాపురం చేసిన మొగుడి దగ్గర ఆ మొహమాటం! ఇక కోడలి దగ్గర మా వదిన ఎంత బిగబట్టుకుంటుందో నువ్వే ఊహించుకో. ఏం కావాలన్నా అడుగమ్మా అని చెప్పి నిద్రపోతే లాభం లేదు, అడగదు. మొదటి రెండు వారాలు ఆ గదిలోనే పడుకుని, అలారం పెట్టుకుని, రాత్రి ఒంటిగంటకి నువ్వే లేచి పద అను. చెంబు బదులు లీటరు సీసా పెట్టు, ఎంత తగ్గిందో కంటికి కనపడుతుంది.

తిండి దగ్గర మనవాళ్ళు తయారుగా ఉంటారు. పప్పు తింటే చీము, వంకాయ తింటే చీము, గోంగూర మాటే ఎత్తకూడదు. మా డాక్టరు నవ్వి, పప్పు, గుడ్డు, పెరుగు పెట్టకపోతే గాయం దేంతో మానుతుందండీ అన్నాడు. వదినకి షుగరుంది కనక అది అదుపులో ఉండటమే అసలు పథ్యం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఏ రకమో అడుగు. కొన్నిటికి ఆకుకూరల విషయంలో పట్టింపు ఉంటుంది. ఆ మందు చెప్పినన్ని రోజులూ ఒక్క పూట కూడా తప్పకూడదు.

ఎవరో ఒకరు నువ్వుల నూనెతో పిక్క మర్దన చేస్తామని వస్తారు, చెయ్యనివ్వకు. పిక్క వాచి, గట్టిపడి, నొప్పి పెడుతుంటే అక్కడ రక్తం గడ్డ ఉండొచ్చు. తోమకుండా వెంటనే డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఎవర్నీ అడక్కు, 108కి కొట్టు. జ్వరం, కుట్ల దగ్గర చీము, పెరిగే ఎరుపు కూడా ఆ రోజే చెప్పాల్సినవి. గాటు పక్కన తిమ్మిరి, కీలు టక్‌మనడం, నెలల తరబడి కాస్త వాపు మామూలే. వాటికి భయపడకు.

పని పంచుకోవడం గురించి ఒక మాట. స్నానం, బట్టలు మీ ఆవిడకి తప్పవు. మందులు, వ్యాయామం, రాత్రి కాపలా నీవి. మీ చెల్లి హైదరాబాద్ నుంచి మొదటి వారమే వస్తానంటుంది, మూడో వారం రమ్మను. మొదట్లో బత్తాయిలు పట్టుకుని ఊరంతా వస్తుంది. మూడో వారానికి ఎవరూ ఉండరు, నొప్పి ఉంటుంది, నిద్ర పట్టదు. ఎందుకు చేయించుకున్నానురా అని ఏడుస్తుంది. మీ పిన్నీ ఏడ్చింది.

అప్పుడు చేతికి పనివ్వు. కత్తిపీట అటక మీద పెట్టేసి, కుర్చీలో కూర్చోబెట్టి చాకూ బీరకాయలూ ఇవ్వు. దేవుడి పటాలు కింద నుంచి తీసి బల్ల మీద పెట్టు. నేల మీద కూర్చోలేక పూజ మానేస్తే అన్నం కూడా సరిగ్గా తినదు. దుర్గమ్మ దగ్గరికి ఎప్పుడంటే, డాక్టరు సరేనన్నాక ఘాట్ రోడ్డు మీద కారులో అని చెప్పు. మెట్ల మొక్కులేమన్నా ఉంటే అమ్మవారితో నేను మాట్లాడుకుంటాను.

మా కమోడ్ కుర్చీ, వాకరు అటక మీదే ఉన్నాయి. గురువారం పొద్దున నేనే తీసుకొస్తా. ఆ తలుపు కొలత మాత్రం బుధవారం రాత్రికల్లా పంపు.

మీ బాబాయి