యాక్సెస్ ఫైల్‌లో ఒక్క టేబుల్ చెడిపోతే: కాంపాక్ట్ నొక్కే ముందు చేయాల్సింది

మైక్రోసాఫ్ట్ యాక్సెస్ (డేటాబేస్ ప్రోగ్రామ్)లో బిల్లులు ఎక్కిస్తుండగా ప్రోగ్రామ్ ఆగిపోయింది, ఇప్పుడు ఫైల్ తెరుచుకుంటోంది గానీ అమ్మకాల టేబుల్‌లో కొంతదూరం వెళ్లగానే ఎర్రర్ వస్తోంది, కాంపాక్ట్ అండ్ రిపేర్ నొక్కనా అని అడిగారు. ఇప్పుడే నొక్కకండి. అది చదవగలిగిన రికార్డులతో కొత్త ఫైల్ కట్టి పాతదాని స్థానంలో పెడుతుంది. చదవలేనివి పోతే మళ్లీ వెతకడానికి అసలు ఫైలే ఉండదు.

ముందు టాస్క్ మేనేజర్‌లో యాక్సెస్ ఇంకా నడుస్తోందేమో చూసి ఆపండి. ఎవరూ తెరిచి లేరని తేలాక పక్కనే మిగిలిపోయిన లాక్ ఫైల్‌ను (డేటాబేస్ వాడుకలో ఉందని గుర్తుగా యాక్సెస్ పెట్టే చిన్న ఫైల్) తీసేయవచ్చు. ఆ తర్వాత అసలు ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పక్కన పెట్టండి. ఇక పనంతా ఇంకో కాపీ మీదే.

నేను ఎరువుల దుకాణంలో లెక్కలు చూసేటప్పుడు అచ్చం ఇలాగే అయింది. రైతుల అరువు పద్దులన్నీ అందులోనే. పంట చేతికొచ్చాక వాళ్లు తీర్చడానికి వస్తే ఏం చూపించాలి? అందుకే ఒక్క వరుస కూడా వదులుకోదలచుకోలేదు. అప్పుడు పనికొచ్చిన పద్ధతి ఇది.

కొత్త ఖాళీ డేటాబేస్ తెరిచి, బాగున్న టేబుళ్లు, ఫారాలు, రిపోర్టులు ఒక్కొక్కటిగా ఇంపోర్ట్ చేసుకోండి. చెడిన టేబుల్‌ను మాత్రం ‘డెఫినిషన్ ఓన్లీ’ ఎంచుకుని డేటా లేకుండా తెచ్చుకోండి. ఇండెక్సులు (వరుసలను త్వరగా వెతికే సూచికలు), ప్రైమరీ కీ (ప్రతి వరుసను విడిగా గుర్తించే కాలమ్) దానితోపాటే వస్తాయి. తర్వాత కాపీలోని పాత టేబుల్‌ను లింక్ చేసి, అపెండ్ క్వెరీతో (ఒక టేబుల్ వరుసలను ఇంకో టేబుల్‌కు చేర్చే ఆదేశం) బిల్లు నంబర్ల వారీగా కొంచెం కొంచెం లాగండి: 1 నుంచి 1000, 1001 నుంచి 2000, అలా. ఎక్కడ ఆగితే ఆ ముక్కను సగం చేయండి, మళ్లీ సగం చేయండి. చివరికి చెడ్డ వరుస ఒకటో రెండో బయటపడతాయి. వాటిని దాటేసి అవతలి వైపు నుంచి మిగతావి తెచ్చుకోండి. నంబర్ కాలమ్‌కు ఇండెక్స్ ఉంటే యాక్సెస్ నేరుగా ఆ వరుసల దగ్గరికే వెళ్తుంది కాబట్టి మధ్యలోని చెడ్డదాన్ని చాలావరకు తాకదు. ఆటోనంబర్ (యాక్సెస్ తనంతట తానే వేసే వరుస సంఖ్య) విలువలు కూడా అపెండ్‌లో యథాతథంగా వస్తాయి, కాబట్టి మిగతా టేబుళ్లతో లంకె తెగదు.

ఆ చెడ్డ వరుసను కూడా అప్పుడే వదిలేయకండి. పొడవైన వివరాలు రాసుకునే లాంగ్ టెక్స్ట్ కాలమ్ (పాత వెర్షన్లలో మెమో) డేటా ఫైల్‌లో వేరే పేజీల్లో ఉంటుంది. చాలాసార్లు చెడేది అక్కడే. క్వెరీలో ఆ ఒక్క కాలమ్ తీసేసి నడపండి. మాకు పేరు, తేదీ, మొత్తం అన్నీ అలాగే దక్కాయి, వివరం మాత్రం కాగితం బిల్లు పుస్తకం చూసి మళ్లీ ఎక్కించాం.

మధ్యలో టెక్స్ట్ ఫైల్‌గా ఎగుమతి చేస్తే అడ్వాన్స్‌డ్‌లో కోడ్ పేజీ (అక్షరాలను ఫైల్‌లో రాసే పద్ధతి) యూటీఎఫ్-8 పెట్టండి. లేకపోతే తెలుగులో రాసిన పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి.

అన్నీ వచ్చాక టేబుళ్ల మధ్య రిలేషన్‌షిప్స్ సరిచూసుకుని, నెలవారీ మొత్తాలను పాత ప్రింట్లతో పోల్చండి. ఫైల్ వేరే కంప్యూటర్‌లో ఉండి మీరు వైఫై మీద తెరుస్తుంటే కేబుల్‌కు మారండి. రాస్తుండగా కనెక్షన్ తెగినా ఫైల్ ఇలాగే చెడుతుంది. కాంపాక్ట్ మాత్రం ఇప్పుడు, ఈ కొత్త ఫైల్ మీద, నిశ్చింతగా నొక్కవచ్చు.