సేఫ్టీ సిస్టమ్‌కి వైరస్ పడుతుందా?

ప్రశ్న: మా కెమికల్ ప్లాంటులో సేఫ్టీ సిస్టమ్ (ప్రమాదం ముంచుకొస్తే ప్లాంటును ఆపేది) విడిగా ఉంటుంది. కంట్రోల్ రూమ్ కంప్యూటర్లకి వైరస్ వచ్చినా దానికేం కాదని మా షిఫ్ట్ ఇన్‌ఛార్జి అంటారు. నిజమేనా అండీ?
– ఒక ఆపరేటర్, విశాఖపట్నం

జవాబు: ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో తల నెరిసినవాణ్ణి, మీ ఇన్‌ఛార్జి గారి ధీమా నాకు మింగుడుపడలేదు. 2017లో సౌదీ అరేబియాలోని ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో ‘ట్రైటన్’ అనే మాల్వేర్ సరిగ్గా ఆ సేఫ్టీ సిస్టమ్‌నే పట్టుకుంది. దుండగులు ముందు ఇంజినీరింగ్ వర్క్‌స్టేషన్‌లో (కంట్రోలర్లకి ప్రోగ్రామ్ పెట్టే కంప్యూటర్‌లో) దూరి, అక్కణ్ణుంచి ఆ సేఫ్టీ సిస్టమ్‌ని నడిపే ట్రైకోనెక్స్ కంట్రోలర్లలోకి కోడ్ ఎక్కించారు. వాటి ముందుభాగంలో తాళంచెవితో తిప్పే స్విచ్ ఉంటుంది. ప్రోగ్రామ్ మార్చడం అయిపోగానే ‘రన్’కి తిప్పెయ్యాలి. అక్కడ ‘ప్రోగ్రామ్’లోనే వదిలేశారు. దొంగకి తలుపు తీసిపెట్టినట్టే!

ప్రాణాపాయం తప్పడం మాత్రం కంట్రోలర్ చలవే. అందులో మూడు ప్రాసెసర్లు ఒకదాన్నొకటి సరిచూసుకుంటాయి. లెక్క కుదరక ప్లాంటును ఆపేశాయి. జూన్‌లో ఆగితే యంత్రలోపం అనుకున్నారట. ఆగస్టులో మళ్లీ ఆగాకే గుట్టు బయటపడింది.

మీ ప్లాంటులో ఆ తాళంచెవి ఎటు తిరిగి ఉందో చూడండి. ‘ప్రోగ్రామ్’లో ఉంటే మీరు ముట్టుకోకండి, ఇన్‌స్ట్రుమెంట్ వాళ్లకి చెప్పి లాగ్‌బుక్‌లో రాయండి. స్విచ్ ‘రన్’ నుంచి కదిలితే అలారం మోగేలా పెట్టమని కూడా అడగండి.