మొదటి పరీక్షలో కనిపించని థైరాయిడ్ లోపం

ప్రశ్న: మా పాప 30 వారాలకే, 1,250 గ్రాముల బరువుతో పుట్టింది. మూడో రోజున మడమ నుంచి రక్తపు చుక్కలు తీసి చేసిన థైరాయిడ్ పరీక్షలో అంతా సరిగానే ఉందన్నారు. నెల రోజులకు మళ్లీ పరీక్షించి, థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్ అయిన టీఎస్‌హెచ్ బాగా పెరిగిందని మాత్ర మొదలుపెట్టారు. మొదటి పరీక్ష తప్పా? ఈ మందు జీవితాంతం వాడాలా?

జవాబు: పరీక్ష తప్పు కాదు, అప్పటికి లోపాన్ని బయటపెట్టే శక్తి పాప శరీరానికి రాలేదు. థైరాయిడ్ హార్మోన్ తగ్గినప్పుడు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్‌ను ఎక్కువగా విడుదల చేసి థైరాయిడ్‌ను తొందరపెట్టాలి. నెలలు నిండని పిల్లల్లో ఈ ఏర్పాటు ఇంకా పరిపక్వం కాదు కనుక, హార్మోన్ తక్కువగా ఉన్నా టీఎస్‌హెచ్ మామూలుగానే కనిపించి, కొన్ని వారాల తర్వాతే పెరుగుతుంది. 32 వారాల లోపు గాని, 1,500 గ్రాముల లోపు బరువుతో గాని పుట్టిన వారికి పరీక్షను మళ్లీ చేయడం అందుకే. మీ డాక్టరు చేసింది సరైన పనే.

దీనికి తోడు, మాయ ద్వారా తల్లి నుంచి అందుతున్న హార్మోన్ పుట్టగానే ఆగిపోతుంది. చర్మాన్ని శుభ్రం చేసే అయోడిన్ ద్రావణం పల్చటి చర్మం గుండా లోపలికి చేరితే, పసి థైరాయిడ్ గ్రంథి పని కొంతకాలం మందగించవచ్చు.

ఇలా ఆలస్యంగా బయటపడిన లోపం చాలామందిలో తాత్కాలికమే. అయినా మెదడు ఎదుగుదల ఈ హార్మోన్‌పై బాగా ఆధారపడేది మొదటి మూడేళ్లలోనే కాబట్టి, పాప చురుగ్గా ఉందని మీ అంతట మీరు మందు మానకండి. సాధారణంగా మూడేళ్లు నిండాక, డాక్టరు పర్యవేక్షణలో కొన్ని వారాలు ఆపి, పరీక్ష చేసి, ఇక అవసరమా కాదా అన్నది తేలుస్తారు.

మాత్రను చెంచాలో పొడి చేసి, కొద్దిపాటి తల్లిపాలలోనో నీటిలోనో కలిపి వెంటనే పట్టండి. సీసా నిండా పాలలో కలిపితే, పాప మిగిల్చిన పాలతో పాటు మందూ పోతుంది. ఈ పిల్లలకు ఐరన్, కాల్షియం చుక్కలు కూడా రాస్తుంటారు. అవి ఈ థైరాయిడ్ మందు లీవోథైరాక్సిన్‌ను ఒంటికి పట్టనివ్వవు కనుక కనీసం నాలుగు గంటల ఎడం ఉంచండి. డోసును బరువును బట్టి లెక్కిస్తారు, పైగా మీ పాప బరువు ఇప్పుడు వేగంగా పెరుగుతుంది కాబట్టి, పాత చీటీ చూపి మందు కొనుక్కుంటూ పోకుండా, చెప్పిన తేదీకి రక్తపరీక్ష చేయించండి.