బికనీర్ వెళ్తున్న చిన్నికి

చిన్నీ,

ఒంటెల కొలతల మీద థీసిస్ చేస్తున్నావని, డిసెంబర్‌లో బికనీర్ ప్రయాణమని మీ నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు. మన ఇంట్లో ఇంకో ఒంటెల డాక్టరని పొంగిపోయా, అంతలోనే డిసెంబర్ ఏంటే అని గుండె జారింది. చలికాలం మగ ఒంటెలకి మదం. పళ్ళు నూరుతూ నురగ కక్కుతూ నోటి పక్కనుంచి ఎర్రటి తిత్తి వేలాడేసిందా, దాని దరిదాపుల్లోకి పోకు. ముందు ఆడవాటిని కొలువు, మగవి మార్చి దాటాక చూసుకో, గైడ్ తిడితే నా పేరు చెప్పు. నా మోచేతి మీద మచ్చ కుక్క కరిచిందని మీ అందరికీ చెప్పాను కదా, కుక్క కాదు.

ఎత్తు, పొడవు, మూపురం చుట్టుకొలత ఎలా తీయాలో నీ పుస్తకాల్లో ఉంటుంది. ఛాతీ కొలతకి, ఛాతీ కింద ఉండే గట్టి మెత్తకి సరిగ్గా వెనకనుంచి టేపు చుట్టాలి. గుడ్డ టేపు వద్దు, సాగుతుంది.

ఇప్పుడు నా తప్పు విను. బికనీరీ జాతి మందని ఊరి పక్కన గట్టి నేల మీద కొలిచా, తర్వాత జైసల్మేర్ పోయి అక్కడి వాటిని ఇసకలో కొలిచా. 36 ఒంటెలయ్యాక చూస్తే జైసల్మేరీ జాతివి అనుకున్నదానికన్నా ఎత్తు వచ్చాయి. అవి సన్నకాళ్ళ సవారీ ఒంటెలు, బికనీరీకి ఉన్నట్టు నుదుట గుంటా ఉండదు, చెవుల మీద గుబురు జుట్టూ ఉండదు, చూట్టానికి నిటారుగా ఉంటాయి కాబట్టి సరేలే అని నమ్మేశా, రాత్రి మీ పెద్దమ్మకి గొప్పగా ఉత్తరం కూడా రాశా. మర్నాడు మంద కాసే తాత, ఒంటెల్ని పెంచే రాయికా కులం వాడు, నా కొలకర్ర పైకి లాగి అది దిగిన గుంటలో వేళ్ళు పెట్టాడు, నాలుగు వేళ్ళు దిగాయి. "డాక్టర్‌సాబ్, ఒంటె పాదం ఇసక మీద పరుచుకుంటుంది, మీ కర్ర మాత్రం దిగబడుతుంది" అన్నాడు. అంటే నేను ఒంటెతో పాటు గుంటని కూడా కొలిచానన్నమాట! సిగ్గుతో ఆ పూట రొట్టె దిగలేదు. మళ్ళీ మొదలుపెడదామంటే సగం మంద మేతకి వెళ్ళిపోయింది, 11 రోజులు వెంటపడి తిరిగా. ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్ళూ, అప్పటి నా గైడ్‌కి కూడా.

అప్పట్నుంచి కర్ర కింద చెక్క పలక పెట్టేవాణ్ణి. పలక మందం తీసుకెళ్ళి ఎత్తుకి కలపడం మర్చిపోకు, అదో గొడవ మళ్ళీ. ఆ పలక ఇంకా అటక మీదే ఉంది, మీ నాన్నతో పంపిస్తా. రాత్రిళ్ళు అక్కడ ఎముకలు కొరికే చలి, మీ పెద్దమ్మ స్వెట్టర్ అల్లుతోంది, ఏ తారీకు రైలో చెప్పు.

పెదనాన్న