కలం గీత కింద మూడడుగుల నేల

చిరంజీవి చెల్లెమ్మకు,

ఆశీస్సులు. నీ నవల మొదటి నాలుగు అధ్యాయాలు పోయిన వారం అందాయి. రెండుసార్లు చదివాను. ఈ రోజుల్లో పొలం కొలత మీద నవల రాయాలన్న ఆలోచన వచ్చిందంటేనే నీ మీద గౌరవం కలిగింది. ఊళ్లలో జరిగిన హత్యల్లో, విరిగిన అన్నదమ్ముల బంధాల్లో ఎన్నింటి వెనక ఒక గట్టు ఉందో మనకు తెలుసు. ఆ గట్టు కాగితం మీదికి ఎలా ఎక్కిందో మాత్రం మన కథల్లో చాలా తక్కువగా వచ్చింది. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు తప్పు చెబుతాను. రెండో అధ్యాయంలో 1804లో దత్తమండలాల్లో, అంటే ఇప్పటి రాయలసీమ ప్రాంతంలో, ఒక దొర, మూడు కాళ్ల మీద దుర్భిణి యంత్రం నిలబెట్టి రైతు చేను కొలుస్తాడు. అది జరగదు. నువ్వు రెండు వేర్వేరు పనులను ఒకటిగా కలిపేశావు. 1802లో ఇంగ్లీషు సైనికాధికారి లాంబ్టన్ మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఆధార రేఖ కొలిచి మొదలుపెట్టింది భూగోళం ఆకారాన్ని, దేశం కొలతను తేల్చే పని. దానికి యంత్రం కావాలి. అదే ఏడాది దత్తమండలాల్లో అక్కడి కలెక్టరు మన్రో మొదలుపెట్టించిన పైమాషీ, అంటే చేల కొలత, శిస్తు కోసం చేసింది. చేలల్లో నడిచి కొలిచింది గుమాస్తాలు. వాళ్ల చేతిలో ఉన్నది 33 అడుగుల గొలుసు. ఆ గొలుసు పొడవూ వెడల్పూ ఉన్న నలుచదరం ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. ఆ పైమాషీ మిగిల్చినవి ప్రధానంగా లెక్కలే. ఊరి పటాలు, పాతిన రాళ్లు, పద్ధతిగా సాగిన రెవిన్యూ సర్వే, ఇవన్నీ 1858 తరవాతి సంగతులు. నీ కథ రెండు తరాలది కాబట్టి ఈ తేడా నీకు వరం అవుతుంది. తాత చేనుకు లెక్క మాత్రమే ఉంది. మనవడి చేనుకు రాయి వచ్చింది, నంబరు వచ్చింది, పటంలో గీత వచ్చింది.

మన్రోను దుర్మార్గుడిగా రాయాలనుకుంటే నీ ఇష్టం. కానీ తాను కొలిపించిన నేల మీద తానే వేయించిన శిస్తును నాలుగో వంతు తగ్గించాలని 1807లో సిఫారసు చేసినవాడు కూడా ఆయనే. ఆ ఒక్క సంగతి నీ పాత్ర మనసులో పడితే, మూడో అధ్యాయంలో ఆయన చేత పలికించిన ఉపన్యాసం మొత్తం నువ్వే కొట్టివేస్తావు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మద్రాసు ప్రెసిడెన్సీలో గ్రామ పటాన్ని మైలుకు పదహారు అంగుళాల లెక్కన గీశారు. మైలుకు ఎనభై గొలుసులు. ఇది తరవాత వచ్చిన పెద్ద గొలుసు, 66 అడుగులది, నూరు లింకులది. అంటే పటంలో అంగుళం నేల మీద అయిదు గొలుసులు, 330 అడుగులు. ఇక నువ్వే లెక్క వేసుకో. అంగుళంలో నూరో వంతు మందం ఉన్న సిరా గీత కింద మూడడుగుల పైచిలుకు నేల ఉంటుంది. మెట్ట చేలో గట్టు వెడల్పు కూడా దాదాపు అంతే. పటం గీసినవాడి కలం మందం ఎంతో, ఇద్దరు దాయాదులు తలలు పగలగొట్టుకునే గట్టు మందం అంత. ఇది తెలిసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నీ నవల ఆ గీత లోపల జరగాలి. కచేరీలో, బంగళాలో జరిగేదంతా నువ్వు ఎంత తగ్గిస్తే అంత మంచిది.

అలాగని పటం మీదే అంతా ఆధారపడి లేదు. ఒక్కో సర్వే నంబరుకూ క్షేత్ర కొలతల పుస్తకంలో ఒక్కో చిత్రం ఉంటుంది. మన ఆఫీసుల్లో అందరూ ఎఫ్.ఎం.బి. అంటారు. చేనును త్రికోణాలుగా విడగొట్టి, మూల నుంచి మూలకు గొలుసు లాగి, వంపు ఉన్న చోట పక్కకు కొలత తీసి అంకెలు వేస్తారు. ఏదైనా మండల రెవిన్యూ కచేరీలో ఒక పాత చిత్రం అడిగి చూడు. వంకర గట్టు ఉన్న చోట పక్క కొలతలు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆ వంకర ఎవరో ఒక తాత వేపచెట్టును కొట్టలేక గట్టును పక్కకు తిప్పడం వల్ల వచ్చి ఉండవచ్చు. చెట్టు పోయినా కొలత అలాగే ఉంటుంది.

గొలుసు గురించి మరో మాట. నీ కథలో గొలుసు ఒక పేరు మాత్రమే. దానికి బరువు లేదు, చప్పుడు లేదు. నిజానికి ఇనుప లింకులు రోజంతా ముళ్లలో, రాళ్లలో ఈడ్చితే కడియాలు విచ్చుకుని గొలుసు సాగుతుంది. అందుకే దాన్ని తరచూ సరి కొలతతో పోల్చి చూడాలి. సాగిన గొలుసుతో కొలిస్తే చేను కాగితం మీద తగ్గుతుంది, శిస్తు తగ్గుతుంది, రైతుకు లాభం. గొలుసు మెలిపడి పొట్టిదైతే చేను పెరుగుతుంది. నూటికి ఒక లింకు తేడా వస్తే విస్తీర్ణంలో నూటికి రెండు వంతుల తేడా వస్తుంది. గొలుసు కొస పట్టుకున్న కుర్రవాడికి ఈ సంగతి తెలుసు. రైతుకూ తెలుసు. ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్న క్షణం నీ అధ్యాయంలో ఎక్కడ ఉంది?

భాగాల సంగతికి వస్తాను. నువ్వు అన్నదమ్ముల పంపకాన్ని రెండు వాక్యాల్లో ముగించావు. అక్కడే ఆగి ఉండవలసింది. ఉమ్మడి పట్టా ఉన్నంత కాలం నంబరు ఒకటే. పంచుకున్నాక 112 కాస్తా 112/1, 112/2 అవుతుంది. తరవాతి తరంలో రెండోది చీలి 2ఎ, 2బి అవుతుంది. ఆ అక్షరాల వరుస చదువుతుంటే ఒక వంశవృక్షం చదువుతున్నట్టే ఉంటుంది. ఎవరికి మగపిల్లలు ఎక్కువో, ఎవరు పొరుగువాడికి అమ్ముకున్నారో అందులో తెలుస్తుంది.

తెలియనిది కూడా ఒకటుంది. మా అమ్మకు పెళ్లిలో మా తాత పసుపు కుంకుమల కింద రెండు ఎకరాల మెట్ట ఇచ్చాడు. కాగితం లేదు. పందిట్లో పదిమంది ముందు చెప్పిన మాట. ఏటా సంక్రాంతికి ఆ చేను తాలూకు కందులు, నువ్వులు మా ఇంటికి వచ్చేవి. తాత పోయాక మేనమామలు పంచుకున్నారు. కొలిచారు, రాళ్లు నాటారు, పెద్దమామకు 1, చిన్నమామకు 2 వచ్చాయి. అమ్మ చేను చిన్నమామ అంకెలో కలిసిపోయింది. కందులు ఇంకో మూడేళ్లు వచ్చి ఆగిపోయాయి. అమ్మ అడగలేదు. పోయేదాకా బస్సులో ఆ దారిన వెళ్లినప్పుడల్లా కిటికీలోంచి చూపించి "అదే నా చేను" అనేది. ఆ చేనుకు అక్షరం లేదు. ఇలాంటి చేలు మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో ఏ రిజిస్టరూ చెప్పదు. నీ నవలలో ఆడవాళ్లు వంటింట్లోనే ఉన్నారు. ఒకరినైనా కొలత రోజున గట్టు మీదికి తీసుకురా. ఆమెను మాట్లాడించవద్దు, నిలబెట్టు చాలు.

భాష విషయంలో రెండు మాటలు. నీ రైతు "1900 సంవత్సరంలో" అంటాడు. కరణం రాసేది శిస్తు లెక్కల సంవత్సరం, ఫసలీ 1310 అని. ఆ ఏడాది జూలైలో మొదలై మరుసటి జూన్‌తో ముగుస్తుంది. రైతు మాత్రం అంకె కూడా చెప్పడు, 1876 నాటి కరువును తలచుకుని "ధాత కరువు తరవాత ఇరవై ఏళ్లు దాటాక" అంటాడు. అజమాయిషీ, జమాబందీ, దరఖాస్తు, బంజరు, పోరంబోకు, ఇవి ఊళ్లో అందరి నోటా ఉన్న మాటలు. వీటికి వివరణ ఇవ్వకు, పాఠకుడు పట్టుకుంటాడు. రైతు నేల వదులుకుంటూ ఇచ్చే కాగితాన్ని కూడా రాజీనామా అనే అనేవారు. కరువులో వరుసగా రాజీనామాలు రాస్తున్న కరణాన్ని ఒక్కసారి ఊహించు. మొదటి తరం కథకు మాత్రం కంపెనీ సర్వే అధికారి మెకంజీ కోసం మనవాళ్లు ఊరూరా తిరిగి రాసిన ఊరి చరిత్రలు, కడప కైఫీయత్తులు చదువు. గుడి ఎవరు కట్టించారు, మాన్యం ఎవరిచ్చారు అన్న సంగతులతో పాటు ఆనాటి కరణాల వచనం, దాని నడక అందులో దొరుకుతాయి. మన్రో గుమాస్తాలు గుంటలు లెక్కపెట్టిన నేల మీదే, దాదాపు ఆ కాలంలోనే, ఇంకొందరు కథలు రాసుకుంటూ తిరిగారు. ఈ రెండు గుంపులు ఏదో ఒక చావడిలో ఒక రాత్రి కలుసుకుని ఉంటే ఏం మాట్లాడుకునేవారో అని నేను ఎన్నోసార్లు అనుకున్నాను. నేను రాయలేకపోయాను. నీకు చేతనైతే తీసుకో.

కరణాన్ని కూడా ఒకసారి మళ్లీ చూడు. అతణ్ని లంచగొండిగా ఒక్క రంగుతో పూశావు. అలాంటివాళ్లు ఉన్నారు, కాదనను. అయితే 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యేదాకా, చీకట్లో కూడా కాలితో తడిమి రాయి ఎక్కడుందో చెప్పగలిగినవాడు చాలా ఊళ్లలో అతనొక్కడే. ఆ జ్ఞానం కొంత అహంకారాన్ని, కొంత భయాన్ని కలిగిస్తుంది. రెండూ రాయి.

వచ్చే నెలలో కచేరీకి వెళితే పెన్సిలు తీసుకువెళ్లు, పెన్ను వద్దు. పాత కాగితాలు మడతల దగ్గర విరుగుతాయి. రెండు చేతులతో ఎత్తు. రెండో అధ్యాయం గొలుసు కొస పట్టుకున్న కుర్రవాడి వైపు నుంచి మళ్లీ రాసి పంపు. నేను ఈసారి కూడా పక్కన స్కేలు పెట్టుకునే చదువుతాను.

మీ అన్నయ్య